నక్షత్రాల లెక్కల పుస్తకం

పరిశోధన ఫలితాన్ని లోకం కీర్తిస్తుంది. ఆ ఫలితానికి ఆధారమైన కొలతలను మాత్రం పట్టించుకొనేవారు అరుదు. వ్యాసం అచ్చయిన మరునాటి నుండే ఆ లెక్కల పుస్తకాలు బీరువా అడుగుకు చేరుతాయి. ఈ ఉపేక్ష ఎంత అనర్థదాయకమో తెలియాలంటే హైదరాబాదు నగర చరిత్రలోని ఒక ఘట్టాన్ని పరిశీలించాలి.

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలు తీసి, నక్షత్రాల పట్టికను తయారుచేయాలని సంకల్పించారు. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క పట్టీని అప్పగించారు. చిలీ దేశంలోని శాంటియాగో వేధశాల పూర్తి చేయలేకపోయిన భాగం హైదరాబాదులోని నిజామియా వేధశాలకు వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన ఈ సంస్థలో పోకాక్, ఆయన తరువాత టి.పి. భాస్కరన్ ఈ మహాకార్యాన్ని నడిపించారు. రాత్రివేళ గాజు పలకలపై ఆకాశాన్ని చిత్రించడం, ఆ పలకలపై ఒక్కొక్క చుక్క స్థానాన్ని ఓపికతో కొలవడం, ఇదే వారి పని. 7 లక్షలకు పైగా నక్షత్రాల వివరాలు సంపుటాలుగా వెలువడ్డాయి. తరువాత దశాబ్దాలపాటు వాటిని తెరిచి చూసినవారు తక్కువే.

1989లో ఐరోపా అంతరిక్ష సంస్థ హిప్పార్కస్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. నక్షత్రాల స్థానాలను అది అపూర్వమైన సూక్ష్మతతో కొలిచింది. కాని అది పనిచేసింది నాలుగేళ్ల లోపే. నక్షత్ర చలనం మనకు కనిపించే తీరు అత్యల్పం. దానిని లెక్కించాలంటే చాలాకాలం కిందటి స్థానం కూడా తెలియాలి. అప్పుడు శాస్త్రజ్ఞులకు పాత సంపుటాలు గుర్తుకు వచ్చాయి. 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల చలనాలను నిర్ణయించడానికి ఆ పూర్వపు కొలతలు, వాటిలో హైదరాబాదువి కూడా, తోడ్పడ్డాయి.

ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉన్నది. 1969లో మానవుడు చంద్రునిపై కాలుమోపిన దృశ్యాలను నమోదు చేసిన మూల టేపుల కోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఎంతగానో వెదికింది. టేపుల కొరత కారణంగా వాటిని చెరిపి మళ్లీ వాడుకొని ఉంటారని 2009లో తేల్చింది. అంతటి సంస్థకే ఈ గతి!

దత్తాంశాన్ని దాచినంత మాత్రాన చాలదు. గాజు పలకను ఏ రాత్రి చిత్రించారో, ఎంతసేపు కాంతికి తెరచి ఉంచారో తెలియకపోతే అది మూగది. తాళపత్ర గ్రంథాల చివర లేఖకుడు సంవత్సరం, తిథి, తన పేరు వ్రాసుకొనేవాడు. ఆ రెండు పంక్తులను బట్టియే పండితులు ప్రతుల పౌర్వాపర్యాన్ని నిర్ణయించారు. నేటి కంప్యూటర్ ఫైళ్లలో పెక్కింటికి ఆపాటి గద్య కూడా ఉండదు.

అన్నిటినీ దాచడం అసాధ్యమనే వాదం సబబైనదే. ప్రయోగశాలలో చేసిన ప్రయోగాన్ని అవసరమైతే మళ్లీ చేయవచ్చు. ఒక ఏటి వర్షపాతాన్ని, ఒక నది వరదను, ఒక రాత్రి ఆకాశాన్ని మళ్లీ కొలవడం సాధ్యం కాదు కనుక ముందుగా కాపాడవలసినవి అవే. దానికయ్యే ఖర్చును పరిశోధన మొదటి అంచనాలోనే చేర్చాలి. నిధులు అయిపోయి, విద్యార్థులు ఉద్యోగాలకు తరలిపోయిన తరువాత ఆ పనికి మనుషులు దొరకరు.