బరువు మోయువారిదే మాట

మన యిండ్లలో నొక విచిత్రమైన న్యాయము చెల్లుచున్నది. మగవాని మోఁకాలు నొచ్చిన నది రోగము. ఆఁడుదాని రొమ్ముల బరువుచే మెడయు వీఁపును నొచ్చిన నది సిగ్గుమాలిన ముచ్చట. మొదటిదానికి బెంగుళూరు రైలు సిద్ధము. రెండవదానికి "ఊరకుండు" మను నొక్కమాటయే మందు. ఈ న్యాయ మన్యాయమని చెప్పుటకే యీ వ్యాసము.

మా గుంతకల్లులో నాతోడి యుపాధ్యాయిని యొకతె కలదు. పదునైదేండ్లు నల్లబల్లయొద్ద నిలిచి పాఠములు చెప్పి, సాయంకాలమునకు మెడ త్రిప్పలేక యింటికిఁ బోవుచుండెను. రవికె పట్టీలు భుజములలో గాడులు పెట్టినవనియు, వేసవిలో రొమ్ముల క్రింది ముడుతలయందుఁ జెమట నిలిచి, చర్మ మొరసికొని పుండ్లగుచున్నవనియు నా భార్య చెప్పఁగా వింటిని. మా సీమ యెండ నెఱిఁగినవారికి దీని యర్థము వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. పాఠశాలలో పనిచేయునామె గతియే యిట్లున్న, దినమంతయు వంగి వేరుసెనగ పెఱికెడు కూలిస్త్రీల గతి యేమి? వైద్యుఁడు శస్త్రచికిత్స చేసి రొమ్ములను తగ్గింపవచ్చుననెను. "మా కాలములో మే మోర్చుకోలేదా?" యని యత్తగారనెను. "ఊరివా రేమందురు?" అని మగఁడనెను. ఆమె కెంత నొచ్చుచున్నదని మాత్ర మెవ్వరు నడుగలేదు.

ఇది సొగసుకొఱకైన కోఁత యని కొందఱందురు. భుజమునఁ బడిన గాడి సొగసా? ముడుతలోని పుండు సొగసా? 7వ శతాబ్దముననే గ్రీకువైద్యుఁడగు ఏజినావాసి పౌలు, పురుషులకుఁ బెరిగిన రొమ్మును తగ్గించు కోఁతను వివరించెను. పురుషునికైనపుడు చికిత్స యైనది స్త్రీకైనపుడు సొగసెట్లగును? మఱి కొందఱిది పాశ్చాత్య వ్యామోహమందురు. సుశ్రుతుఁడు నిదానస్థానమున స్తనరోగములను సంకోచము లేక చర్చించెను. తెగిన ముక్కును చర్మముతో మరల నిర్మించు విధమును సూత్రస్థానమునఁ జెప్పెను. ఋషిసమానుఁడగు వైద్యునికి లేని సిగ్గు మన కేల?

భయము తఱచు తెలియమినుండి పుట్టును గావున జరుగునది చెప్పెదను. ముందుగా రక్తపరీక్షలును, 40 ఏండ్లు దాఁటినవారికి సాధారణముగా మామోగ్రామును జేయుదురు. పిమ్మట మత్తుమందిచ్చి, సుమారు రెండు మొదలు నాలుగు గంటలలో నధికమైన క్రొవ్వును, గ్రంథిభాగమును, చర్మమును దీసివేయుదురు. చనుమొనను సామాన్యముగా రక్తనాళములతోను నరములతోను నంటియుండఁగనే పైకి జరుపుదురు. కోఁత తఱచు చనుమొన చుట్టును, అచ్చటినుండి నిలువుగాఁ గ్రిందికిని, ముడుత వెంబడి యడ్డముగను బోవును. ఒకటి రెండు వారములకు తేలికపనులు చేసికొనవచ్చును. బిందె లెత్తుట మొదలగు బరువుపనులు 4 మొదలు 6 వారములు కూడవు. అంతవఱకు నీళ్ళు మోయవలసినవాఁడు మగఁడే.

మేలు చెప్పి కీడు దాఁచుట సంస్కారము కాదు. మచ్చలు పూర్తిగా మాయవు. ఏఁడాదికో, అంతకుఁ బైననో పాలిపోవును. చనుమొనయందు స్పర్శ తగ్గవచ్చును; కొందఱికిఁ బోవచ్చును. బిడ్డకుఁ బాలిచ్చు శక్తి తగ్గవచ్చును గావున నింకను సంతానము కోరువా రా సంగతి ముందే వైద్యునితో మాటలాడవలెను. గాయము మానుట యాలస్యము కావచ్చును. మధుమేహమును, పొగత్రాగుటయు నీ ముప్పును బెంచును. దేహము బరువెక్కినను, గర్భము వచ్చినను రొమ్ములు మరలఁ బెరుగవచ్చును. ఇన్ని యున్నను, నొప్పి తగ్గి తృప్తిపడువారే యెక్కువమంది. లాభనష్టములను రెంటిని దూఁచి నిశ్చయించుట బుద్ధిమంతుల పని. ఆ బుద్ధి స్త్రీకిని గలదు.

ఇఁక సంతకము మాట. ఆమె పోయిన యాసుపత్రిలో గుమాస్తా మొట్టమొదట నడిగినది మగని సంతకము. న్యాయస్థానము వేఱుగఁ జెప్పినది. మత్తులో నున్న యొక ప్రౌఢస్త్రీకి, ప్రాణాపాయమేమియు లేకుండఁగనే, తల్లి సమ్మతిమీఁద గర్భాశయము తీసివేయఁబడెను. ఆ సమ్మతి చెల్లదనియు, రోగియే సమ్మతింపవలెననియు సుప్రీముకోర్టు 2008 లోఁ దీర్పు చెప్పెను. కన్నతల్లి మాటయే యామె మాటకు మాఱుగా నిలువనపుడు మగని మాట యెట్లు నిలుచును? ఊరివారి మాట యెట్లు నిలుచును? నా సహోపాధ్యాయిని కాగితము చదివి, తన సంతకము తానే చేసెను. మగఁడు కొంతసేపు తలవంచుకొని కూర్చుండి, పిదప సంచి భుజమున వేసికొని వెంట నడిచెను. ఆ నడకయే నాకు సంస్కారముగాఁ దోఁచినది.

చదువరులారా! స్త్రీలందఱు నీ చికిత్స చేయించుకొనవలెనని నే ననను. వలదనుటకును గావలెననుటకును నధికార మామెదే యనుచున్నాను. మీ యింట నొక యిల్లాలు పొయ్యియొద్ద నిలిచి భుజము రుద్దుకొనుచున్న, ఊరివా రేమందురని తలంపక, ఆమె యేమనునో యడుగుఁడు. ఆమె యేది నిశ్చయించినను, తోడుపోవుటయు, ఆమె చంకనున్న బిందెను మనము దించుకొనుటయు మన పని.