బిల్లు ఎవరి పేర?

ముహూర్తాలు దగ్గర పడితే వన్ టౌన్‌లో అడుగు పెట్టడానికి చోటుండదు. వస్త్రలతలో చీరలకూ, నగల దుకాణాల్లో తరుగుకూ గంటలకొద్దీ బేరమాడేవారు ఒక్క సంగతి పట్టించుకోరు. బిల్లు ఎవరి పేర రాయాలని గుమాస్తా అడిగితే తండ్రి తన పేరు చెబుతాడు. అసలు బిల్లే వద్దనేవారూ ఉన్నారు. ఆ కాగితం విలువ తెలిసేది కాపురం చెడి, వ్యవహారం ఫ్యామిలీ కోర్టుకు ఎక్కినప్పుడే.

చట్టంలో సందిగ్ధం లేదు. పెళ్ళికి ముందు అమ్మాయి పేర ఉన్న పొలం, స్థలం, బ్యాంకు సొమ్ము పెళ్ళితో భర్తవి కావు. విడాకులప్పుడు పంచవలసినవీ కావు. పెళ్ళిలో పెట్టిన నగలు అత్తవారి బీరువాలో ఉన్నా ఆమెవేననీ, వాటిని కాజేస్తే నమ్మకద్రోహ నేరమవుతుందనీ 1985లో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణ నుంచి వెళ్ళిన మరో కేసులో, విడాకులు పొందిన కూతురి నగల కోసం తండ్రి పెట్టిన కేసును 2024 ఆగస్టులో అదే కోర్టు కొట్టివేసింది. స్త్రీధనంపై హక్కు ఆమె ఒక్కరిదేననీ, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రి కూడా అడగజాలడనీ చెప్పింది. కొన్నది తండ్రే అయినా సొత్తు కూతురిదన్నమాట. ముస్లిం మహిళల విషయంలో 1986 నాటి చట్టం మరింత స్పష్టం: పెళ్ళికి ముందు, పెళ్ళిలో, ఆ తర్వాత బంధుమిత్రులు, భర్త ఇచ్చిన ఆస్తులన్నీ విడాకులు పొందిన స్త్రీకే చెందుతాయి.

చిక్కంతా రుజువు దగ్గరే. మన డెల్టాలో పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో ఇవ్వడం మామూలే. చాలా ఇళ్ళలో అది నోటిమాటతో సరి. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానానికి రిజిస్టరైన దస్తావేజు ఉండాలి. అంతకన్నా ప్రమాదం మరొకటుంది. అమ్మాయి పొలం అమ్మి, ఆ డబ్బుతో అల్లుడి పేర ఇల్లు కట్టిస్తారు. పొలం ఆమెదే, ఇల్లు మాత్రం కాగితం మీద అతనిది. పదేళ్ళ తర్వాత ఏ సొమ్ము ఏ గోడలో కలిసిందో చూపించమంటే ఆమె ఎక్కడినుంచి తెస్తుంది?

భర్తకు పెళ్ళికి ముందున్న ఇల్లు కూడా అతనిదే, అందులో భార్యకు సగం అనే పద్ధతి మన రాష్ట్రంలో లేదు. మనోవర్తి నిర్ణయించేటప్పుడు కోర్టు ఆ ఆస్తిని లెక్కలోకి తీసుకుంటుంది, అంతే. భార్యకు భర్త స్థిరాస్తిలో వాటా కల్పించబోయిన బిల్లు 2013లో రాజ్యసభ దాటినా, లోక్‌సభ గడువు తీరడంతో 2014లో మురిగిపోయింది.

పెళ్ళి కానుకల జాబితా రాసి వధూవరులు సంతకాలు చేయాలని 1985లోనే కేంద్రం నియమాలు చేసింది. ఏమిచ్చారు, విలువెంత, ఇచ్చిందెవరు అన్నీ అందులో ఉండాలి. ఎన్ని ఇళ్ళలో అది ఉంది? శుభమా అని పెళ్ళి చేస్తూ ఈ కాగితాలేమిటని పెద్దలు చీదరించుకుంటారు. లగ్నపత్రిక రాసుకోవడానికి లేని అశుభం దీనికెందుకో!

రాష్ట్రంలో వివాహాల నమోదు 2002 చట్టంతో తప్పనిసరి అయింది. నమోదుకు వచ్చిన జంటను ఆ జాబితా ఉందా అని అధికారులు అడగాలి. వన్ టౌన్ వర్తకులు కూడా పెళ్ళి నగల బిల్లు మీద పెళ్ళికూతురి పేరే రాస్తామని చెబితే మంచిది. అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.