ఛాయాచిత్రము – చామనఛాయ

ఛాయాచిత్రం సత్యాన్నే పలుకుతుందన్న నమ్మకం ఆ కళ పుట్టిన నాటినుండి ఉన్నది. ఆ సత్యాన్ని కొంచెం దిద్ది చూపమని ఛాయాగ్రాహకుని బతిమాలుకొనే అలవాటు కూడ దాదాపు అంత పాతదే. 1855లో పారిస్ మహాప్రదర్శనలో మ్యూనిక్ నగరవాసి ఫ్రాంజ్ హాన్ఫ్‌స్టేంగ్ల్ ఒకే వ్యక్తి చిత్రాన్ని దిద్దినది, దిద్దనిది పక్కపక్కన ఉంచి చూపినాడు. అందుచేత నేటి విద్యార్థుల చేతిఫోనులలో కనిపించే నున్నని ముఖాలను చూచి, ఇదంతా ఈ కాలపు వింత అని పెద్దలు పెదవి విరువనక్కరలేదు. వింత వేరొక చోట ఉన్నది.

మొదట ఈ దిద్దుబాటుకు న్యాయమైన కారణం ఉండేది. నాటి గాజుపలకల మీది రసాయనపు పూత నీలివన్నెను మిక్కుటంగా గ్రహించేది. ఎరుపు దానికి దాదాపు తెలియదు. చెక్కిలిపై కంటికి కనిపించీ కనిపించని ఎర్రని పొక్కు పటంలో నల్లని మచ్చగా దిగేది. ఎండకు కందిన ముఖం మసి పూసినట్లు వచ్చేది. అనగా అబద్ధమాడినది పలక. దానిని సరిచేసి మనిషిని మనిషిగా చూపినది పెన్సిలు.

ఆ పనితీరు తెలిసినవారు ఇప్పుడు అరుదు కనుక దానిని గూర్చి కొంత చెప్పవలె. ఏటవాలు బల్లకు నడుమ గరుకుటద్దం, దాని క్రింద వెలుతురును పైకి మళ్ళించే అద్దపు ముక్క. నెగటివును ఆ గరుకుటద్దంపై నిలిపి, పెన్సిలుకు పట్టు దొరకుటకు దానిమీద వార్నిషు వంటి ద్రవాన్ని పలుచగా రుద్దేవారు. తరువాత గరుకు కాగితంపై సూదిమొనలా అరగదీసిన గట్టి పెన్సిలుతో చుక్కలు, సన్నని గీతలు పెట్టుకొంటూ పోయేవారు. నెగటివులో నలుపైనది అచ్చులో తెలుపవుతుంది. కావున పెన్సిలు ఆనిన ప్రతిచోట ముఖం తెల్లబడుతుంది. నల్లబరచవలెనంటే పెన్సిలు పనికిరాదు. చిన్న కత్తితో పూతను గీకవలె, చేయి జారితే పలకే పాడవుతుంది. తెల్లబరచుట సులువు, నల్లబరచుట ప్రమాదం. పనిముట్టు స్వభావమే అట్టిది. మన సంఘ స్వభావం దానితో చక్కగా కలిసిపోయింది.

అయినను మంచి పనివానికి ఒక నియమం ఉండేది. వారంలో మానిపోయే మొటిమను తీసివేయవచ్చు, పుట్టుమచ్చను తాకరాదు. కంటి క్రింది నీడను పలుచబరచవచ్చు, పూర్తిగా చెరపరాదు. చెరపితే ముఖం పిండిబొమ్మ అవుతుంది. ఈ నియమంలో ఉన్న వివేకం ఎంత పొగడినా తక్కువే. రేపు ఉండనిదానిని నేడు తీసివేయుట మర్యాద; రేపు కూడ ఉండేదానిని తీసివేయుట మనిషిని మార్చుట.

మెత్తదనానికి అసలు దిద్దుబాటే అక్కరలేదు. కలకత్తాలో 1815లో జన్మించిన జూలియా మార్గరెట్ కామెరాన్ 1860లలో ఇంగ్లండులో ముఖచిత్రాలు తీసినప్పుడు, కటకాన్ని పూర్తి స్పష్టత వచ్చేవరకు తిప్పక, అందంగా తోచినచోట ఆపేది. ఆమెకు పని రాదని విమర్శకులు ఎగతాళి చేసినారు. ఆ చిత్రాలలో ముఖం మెత్తబడినదే గాని మారలేదు. సినిమా ఛాయాగ్రాహకులు కటకం ముందు సన్నని జాలీబట్ట కట్టినా ఫలితం ఇటువంటిదే. గీతలు కరుగుతాయి, మనిషి మిగులుతాడు.

మన హైదరాబాదు చరిత్రలో ఈ కళకు దక్కిన గౌరవం తక్కువది కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్‌కు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదమిచ్చినారు. ఘోషా స్త్రీల కొరకు 1892లో దీన్ దయాళ్ ఈ నగరంలోనే ఒక జనానా స్టూడియోను ఒక ఆంగ్ల వనిత పర్యవేక్షణలో నెలకొల్పినాడు. ‘ముసవ్విర్’ అనగా రూపమిచ్చువాడు, చిత్రకారుడు. ఉర్దూ తరగతిలో కూర్చునే విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు, అల్లాహ్ దివ్యనామాలలో ‘అల్ ముసవ్విర్’ ఒకటి. అంతటి బరువైన పదాన్ని ఒక మానవునికి బిరుదుగా ఇచ్చిన నాడు, దానిని మోయువాడు రూపాన్ని ఎంత జాగ్రత్తగా తాకవలెనో కూడ తలచియే ఉందురని నా ఊహ.

తెలుగు తరగతి నుండియు ఒక మాట. ఆలంకారికులలో దండి స్వభావోక్తిని అలంకారాలలో మొదటిదిగా పరిగణించినాడు. ఉన్నదానిని ఉన్నట్లు చెప్పుట అలంకారమెట్లగునని కుంతకుడు ఆక్షేపించినాడు. అతిశయోక్తికి కావ్యంలో సింహాసనమే ఉన్నది. నాయిక ముఖం చంద్రబింబమంటే ఎవరూ మోసపోరు, అది అతిశయోక్తి అని వినేవానికి తెలియును. దిద్దిన ఛాయాచిత్రపు చిక్కు ఇక్కడనే ఉన్నది: అది అతిశయోక్తియై యుండి స్వభావోక్తి వేషంలో వచ్చును.

ఇప్పుడు ఈ పనికి పెన్సిలు, చీకటిగది ఏవియు అక్కరలేదు. 1990లో ఫోటోషాప్ వెలువడినది. ఈనాడు చేతిఫోను మనం అడుగకముందే చర్మాన్ని నున్నగా చేసి, దవడను సన్నబరచి, కన్నులను పెద్దవి చేసి చూపగలదు. పాత పనివాడు ముఖాన్ని అరగంట చూచి ఏది ఉంచవలెనో నిర్ణయించేవాడు. యంత్రం ఎవరినీ చూడదు, అందరినీ ఒకే మూసలో పోస్తుంది. ఆ మూస రంగు తెలుపు. రంగు ఫిలిం కాలంలో ముద్రణశాలలు వన్నె సరిచూచుకొనుటకు దశాబ్దాల పాటు వాడిన ‘షర్లీ కార్డు’ మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ ముఖమే. మన దేశంలో 1975లో అంగడికి వచ్చిన ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ లేపనం 2020లో పేరు మార్చుకొన్నది. సీసా పేరు మారినంత సులభంగా ఇంటిలోని మాట మారలేదు.

ఆ మాట ఏమిటో పెండ్లిచూపులనాడు తెలుస్తుంది. సంబంధానికి పంపిన ఫోటోలో పిల్ల పచ్చగా ఉంటుంది. మగపెండ్లివారు వచ్చి కూర్చుంటారు, టీ తాగుతారు, ‘ఫోటోలో ఇంత చామనఛాయగా లేదే’ అంటారు. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు; తన పటానికి తానే ఓడిపోయినది. ఫోటో దిద్దించినది తల్లిదండ్రులు, దిద్దినది స్టూడియో, తలవంచుకొని లోపలికి పోయినది పిల్ల. కట్నంతో పోల్చిన ఇది చిన్న విషయమని కొందరందురు. రంగు తగ్గినకొలది కట్నం పెరిగే లెక్క ఎరిగినవారు అట్లనరు.

గల్ఫు దేశాలకు పోవువారికి ఈ సంగతి వేరొక విధంగా తగులుతుంది. పాస్‌పోర్టు ఫోటోలో దిద్దుబాటు పనికిరాదని నిబంధన. అక్కడ మచ్చయు ముడతయు మనిషికి సాక్ష్యం. (ఆధార్ కార్డులోని ఫోటోను చూచి నవ్వుకోని ఇల్లు లేదు. కాని ఎవరూ దిద్దని చిత్రం మన ఇళ్ళలో బహుశా అదొక్కటే!) ఫ్రాన్సు 2017 నుండి, నార్వే 2022 నుండి, శరీరాకృతిని దిద్దిన ప్రకటన చిత్రాలపై ఆ సంగతి తెలుపవలెనని శాసించినవి. వ్యాపారానికి అది సరే; కుటుంబంలోని ఆల్బముకు శాసనాలు చేయలేము.

‘నా ముఖం, నా ఇష్టం’ అని విద్యార్థులు అనవచ్చు. ఆ మాటలో బలం ఉన్నది. ఇష్టం నిజంగా వారిదే అయితే నాకు ఆక్షేపణ లేదు. వేయిమంది ఇష్టపడి ఒకే ముఖాన్ని కోరుకొంటున్నప్పుడు మాత్రం అది ఎవరి ఇష్టమో కనుగొనవలసి ఉన్నది. ఇక మరణించిన తండ్రికి మిగిలిన ఒకే ఒక చిన్న ఫోటోను, మడత పడి చెరిగినదానిని, పెద్దది చేయించి దిద్దించుకొనే కుమారుని చూచి నేనేమియు అనజాలను. అక్కడ దిద్దబడుతున్నది కాగితపు గాయం, మనిషి కాదు.

మన కళాశాల వార్షిక సంచిక విషయానికి వత్తును. గత సంవత్సరపు సామూహిక చిత్రంలో వెనుక వరుసలోని ఆడపిల్లలందరూ ఒకే వన్నెకు వచ్చినారు. ఒక విద్యార్థిని తల్లి వరుస వెంబడి వ్రేలు నడిపించి, చెంపమీది పుట్టుమచ్చ కనిపించక, క్రింది పేర్ల పట్టిక చూచి గాని బిడ్డను గుర్తుపట్టలేకపోయినది. స్టూడియోవారిని నిందింపను, ‘కొంచెం తెల్లగా చేయండి’ అన్న కోరికకు వారు ఏండ్ల తరబడి అలవాటుపడినారు.

కావున కమిటీవారికి నా మనవి. ఈసారి చిత్రం అప్పగించునప్పుడే వ్రాతపూర్వకంగా మూడు మాటలు చెప్పవలె: వన్నె మార్చరాదు, పుట్టుమచ్చలు తీయరాదు, అచ్చుకు ముందు ఒక ప్రతిని మనకు చూపవలె. మొటిమల విషయం ఎవరికి వారు చెప్పుకొందురు. ఇక ముఖాలు మెత్తగా రావలెనన్న కోరికకు చవుకైన ఉపాయం ఉన్నది. నడిమధ్యాహ్నం మైదానంలో నిలబెడితే కన్నుల క్రింద గుంటలు పడక మానవు. ఉదయం తొమ్మిది లోపల, ఉత్తరపు వరండా నీడలో, గోడకు నాలుగడుగులు ముందుకు నిలబెట్టి తీయించండి. బెంచీలు ముందునాటి సాయంత్రమే అక్కడికి చేర్పించుటకు మా తరగతి విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు.