తెర మీద పాఠం, తెరమరుగున పంతులు

ప్రభుత్వ బడి బాగుపడాలంటే ఏం చేయాలని ఇప్పుడు ఎవరినడిగినా దాదాపు ఒకటే జవాబు. గోడకు ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్ (ఐఎఫ్‌పీ), పిల్లవాడి చేతికి ట్యాబ్, సారు ఫోన్‌లో యాప్. పార్టీలు మారినా ఈ జవాబు మారడం లేదు. మంత్రి రిబ్బన్ కత్తిరిస్తాడు, పత్రికలు ఫొటో వేస్తాయి, మన ఊరి బడికీ కార్పొరేట్ హంగులు వచ్చాయని తల్లిదండ్రులు సంబరపడతారు. ఎవరైనా అనుమానం వ్యక్తం చేస్తే పాతకాలపువాడనో, పని ఎగ్గొట్టే పంతుళ్లకు వకీలనో కొట్టిపారేస్తారు. అయినా అనక తప్పదు, ఈ జవాబు తప్పు. పరికరాలతో నాకు పేచీ లేదు. అవి తీరుస్తామంటున్న సమస్య మన తరగతి గది అసలు సమస్య కాదు.

ఈ జవాబు వెనక ఒక నమ్మకం ఉంది. మంచి పాఠం ఎక్కడో తయారుగా ఉంది, అది మన పిల్లలదాకా రావడం లేదు, తెచ్చి ఇస్తే చదువు దానంతట అదే వస్తుందని. తరగతిలో జరిగేది వేరు. ఐదో తరగతి అమ్మాయిని 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాస్తుంది. రెండు స్థానాల్లోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేసింది. ఐదులో రెండు పోతే మూడు, ఏడులో రెండు పోతే ఐదు. అది అజాగ్రత్త కాదు. తనకు తెలిసిన సూత్రాన్ని శ్రద్ధగా పాటించింది, ఆ సూత్రమే తప్పు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చే పద్ధతిని రంగురంగుల యానిమేషన్‌లో ఎన్నిసార్లు చూపించినా బుద్ధిగా చూస్తుంది. ‘అర్థమైందా?’ అంటే అందరితో గొంతు కలిపి ‘అర్థమైంది సార్’ అంటుంది. మళ్లీ 35 రాస్తుంది. వీడియోకు ఆమె నోటుబుక్కు కనపడదు కదా. ‘ఇదెట్లా చేశావో చెప్పమ్మా’ అని పక్కన కూర్చుని అడిగిన మనిషికే ఆ తప్పు ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. పుల్లల కట్టలు ముందు పెట్టి, ఒక పది కట్ట ఆమె చేతనే విప్పించి లెక్కపెట్టిస్తే ఆ తప్పు వదిలే వీలుంది.

చదవడంలోనూ ఇంతే. వత్తు దగ్గర తడబడి ‘విద్య’ను ‘విద’ అని చదివే పిల్లవాడి గొంతు వినే చెవి ఒకటి కావాలి. గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి వాచకాన్ని చదవగలిగినవాళ్లు 42.8 శాతమేనని 2022 అసర్ సర్వే తేల్చింది. మిగతావాళ్లకు కొరవడింది ఐదో తరగతి పాఠం కాదు. అది వాళ్లకు ఏటా అందుతూనే ఉంది, పుస్తకంలోనూ, బోర్డు మీదా, ఇప్పుడు ప్యానెల్ మీదా. కొరవడింది రెండో తరగతిలో తాము ఆగిపోయిన చోటికి వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకునే మనిషి.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు, పరీక్షించి చూసినవాళ్లున్నారు. పెరూ దేశం పిల్లలకు లక్షల సంఖ్యలో లాప్‌టాప్‌లు పంచింది. 319 గ్రామీణ బడుల్లో అధ్యయనం చేసి 2012లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని సాధారణ ఆలోచనా నైపుణ్యాల్లో కొంత మెరుగుదల కనిపించింది తప్ప, లెక్కల్లోనూ భాషలోనూ తేడా కనపడలేదు. అంతకన్నా మనం శ్రద్ధగా చదవాల్సింది గుజరాత్ అనుభవం. అక్కడ జ్ఞాన్‌శాల అనే స్వచ్ఛంద సంస్థ బడుల్లో కంప్యూటర్ పాఠాలను రెండు విధాలుగా పెట్టి చూశారు. ఒకచోట బడివేళల్లో, టీచరు పాఠానికి బదులుగా. మరోచోట బడి అయ్యాక, టీచరు పాఠానికి తోడుగా. ఆర్థికవేత్త లీ లిండెన్ 2008లో వెల్లడించిన లెక్కల ప్రకారం, తోడుగా పెట్టినచోట పిల్లలు ముందుకు వెళ్లారు, ముఖ్యంగా చదువులో వెనకబడినవాళ్లు. బదులుగా పెట్టినచోట, ఏమీ పెట్టకపోతే నేర్చుకునేదానికన్నా తక్కువ నేర్చుకున్నారు. యంత్రం ఎవరి చోట కూర్చుందన్నదాన్ని బట్టి ఫలితం తలకిందులైంది.

అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ మొదట్లో ఉత్సాహంగా వేల బడుల్లోకి కంప్యూటర్ పాఠాలు తీసుకెళ్లిన సంస్థ. ఆంధ్రప్రదేశ్ బడులూ అందులో ఉన్నాయి. అదే సంస్థకు చెందిన అనురాగ్ బెహార్ 2010లో పత్రికా వ్యాసం రాసి, సాంకేతికత మీద మోజు అసలు సమస్యల నుంచి మన దృష్టిని మళ్లిస్తోందని బాహాటంగా చెప్పారు. ఐటీ డబ్బుతో పుట్టిన సంస్థ చెప్పిన మాటను, పుష్కరం తిరిగాక కూడా, మన ప్రభుత్వాలు చెవిన పెట్టలేదు.

ఎదుటిపక్షం దగ్గర ఒక గట్టి ఆధారం ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్’ సాఫ్ట్‌వేర్‌తో నడిపిన కేంద్రాల్లో నాలుగున్నర నెలల్లోనే పిల్లలు లెక్కల్లో, హిందీలో చెప్పుకోదగ్గ ప్రగతి సాధించారని ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించింది. నిజమే. కానీ అది ఎందుకు ఫలించిందో చూడాలి. ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడి తరగతిని పట్టించుకోదు, వాడు నిజంగా ఏ స్థాయిలో ఉన్నాడో పరీక్షించి అక్కడినుంచి మొదలుపెడుతుంది. చేసిన తప్పును బట్టి తర్వాతి ప్రశ్న వేస్తుంది. అది నడిచింది బడి అయ్యాక, అదనపు సమయంలో. పైగా చిన్నచిన్న బృందాలకు చెప్పే సహాయకులు పక్కనే ఉన్నారు. నోటుబుక్కు చూసే పనిని అది కొంతవరకైనా చేసింది. సిలబస్‌ను వీడియోలుగా మార్చి చేతికిచ్చే పథకానికి ఈ ఫలితాన్ని సాక్ష్యంగా చూపడం కుదరదు.

మనం చేసింది సరిగ్గా ఆ వీడియోల పథకమే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చింది, బైజూస్ అనే ఆన్‌లైన్ చదువుల కంపెనీ పాఠాలు నింపి. గుణింతాలు పట్టుబడని పిల్లవాడికి ఎనిమిదో తరగతి పాఠం కొత్త ముస్తాబుతో వచ్చింది, అంతే. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీ కష్టాలు చూసి ఎకసెక్కం చేయడానికి ఈ మాట ఎత్తలేదు. బడి చదువును మార్కెట్ సరుకుకు ముడిపెడితే సరుకు భవిష్యత్తే చదువు భవిష్యత్తు అవుతుంది. డీఎస్సీ రాసి వచ్చిన టీచరు మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే బడిలో ఉంటాడు.

‘మన్యం ఊళ్లకు మంచి టీచరు వెళ్లడు, కనీసం తెర అయినా వెళుతుంది కదా’ అంటారు. ఈ వాదన కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు ప్రసారం చేశారు. అందులో తెలుగు పల్లెలున్నాయి. సాంకేతికంగా అదొక ఘనవిజయం. ఉపగ్రహం పాఠాలను ఊళ్లకు చేర్చింది, ఆ తర్వాత 2004లో చదువు కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్నీ ఎగరేశాం. రెండు తెలుగు రాష్ట్రాల్లో వేల బడులు మాత్రం ఇవాళ్టికీ ఒకే టీచరుతో నడుస్తున్నాయి. ఐదు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టుకున్న ఆ టీచరుకు తెర కొంత ఊపిరి ఇవ్వొచ్చు. కానీ అదే తెర ఆ ఖాళీని భర్తీ చేయకుండా సాగదీసే సాకు కూడా అవుతుంది. ప్యానెల్‌ను ఒక్క టెండరుతో కొనేయొచ్చు. టీచరును నియమిస్తే ముప్పయ్యేళ్లు జీతమివ్వాలి. ఈ మోజుకు బోధనాశాస్త్రం కన్నా ఈ లెక్కే పెద్ద కారణం.

విడ్డూరమేమిటంటే, సాంకేతికత వచ్చి టీచరుకు సమయం మిగల్చకపోగా ఉన్నది లాక్కుంది. తన హాజరుకు ముఖం చూపించాలి, పిల్లల హాజరు ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం వివరాలు పెట్టాలి. కొంతకాలం మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీయించారు. సిగ్నల్ లేకపోతే ఫోను పట్టుకుని ఆవరణంతా తిరగాలి. నిఘాకు వాడే పరికరాలన్నింటినీ విద్యా సాంకేతికత ఖాతాలో రాసి, బోధన మెరుగుపడుతోందని చెప్పుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

అలాగని పరికరం పనికిరాదని కాదు. గుండె కవాటాలు ఎలా తెరుచుకుంటాయో, గ్రహణం ఎలా పడుతుందో సుద్దముక్కతో చెప్పడం కష్టం. అక్కడ ప్యానెల్‌కు సాటి లేదు. పక్క మండలం టీచరు తయారుచేసిన మంచి వర్క్‌షీటు వాట్సాప్ గ్రూపులో దొరికితే అదీ మేలే. ఈ రెండుచోట్లా ఏది, ఎప్పుడు, ఎంతసేపు అని నిర్ణయించేది టీచరు. ఆ నిర్ణయం పైనుంచి సర్క్యులర్‌గా దిగినప్పుడే చెడుతుంది. కాబట్టి ముందు ఖాళీలు నింపండి. యాప్‌ల పని టీచరు నెత్తి మీంచి దింపండి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఆదేశాలు చదవడం ఆపి, పిల్లల నోటుబుక్కులు తెచ్చుకుని 35 ఎందుకు వచ్చిందో మాట్లాడుకోనివ్వండి. అప్పుడు టీచర్లే అడుగుతారు తమకే పరికరం కావాలో.

ఎన్ని ప్యానెళ్లు బిగించామో ప్రతి ప్రారంభోత్సవంలో చదువుతారు. దాని పక్కన మరో లెక్క కూడా చదవమందాం. జూన్‌లో తీసివేత రాని పిల్లలు ఎందరు, వాళ్లలో ఏప్రిల్‌కల్లా వచ్చినవాళ్లు ఎందరు? ఆ లెక్క చెప్పలేని విద్యాశాఖకు మరో టెండరు పిలిచే నైతిక హక్కు లేదు.