గోల్ కొట్టినవాడే కెప్టెనా?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ క్రీడల పేజీలో ఫుట్‌బాల్ కెప్టెన్ల మీద అర పేజీ వ్యాసం వేశారు. పదిమంది రంగుల ఫొటోలు, ఒక్కొక్కరి కింద ఎన్ని గోల్స్ కొట్టారో, ఎన్ని కప్పులు ఎత్తారో లెక్కలు. పదిమందిలో తొమ్మిదిమంది ఫార్వర్డులే. కష్టకాలంలో గోల్ కొట్టి జట్టును గట్టెక్కించేవాడే అసలైన కెప్టెన్ అని మీ విలేకరి చివర్లో తీర్పు కూడా ఇచ్చేశారు. చాలామంది చదివి పేజీ తిప్పేసి ఉంటారు. నావల్ల కాలేదు. ఈ మాటలే నేను వయసులో ఉన్నప్పుడు ఒక పెద్దమనిషి నోట విన్నాను. ఆయనకు ఎదురు చెప్పే ధైర్యం అప్పట్లో లేకపోయింది. మీకు చెప్పడానికి ఇప్పుడు అడ్డేమీ లేదు.

ఫుట్‌బాల్ నిబంధనల పుస్తకాన్ని మీ విలేకరి ఎప్పుడైనా తెరిచారో లేదో. కెప్టెన్‌కి ప్రత్యేకమైన హోదా గానీ హక్కులు గానీ లేవనీ, జట్టు ప్రవర్తనకు కొంత బాధ్యత మాత్రం అతనిదనీ అందులో ఉంటుంది. క్రికెట్ కెప్టెన్‌లా బౌలర్లను మార్చడం, ఫీల్డింగ్ సర్దడం ఇక్కడ కుదరదు. ఎవర్ని దింపాలో, ఎవర్ని బయటికి పిలవాలో కోచ్ చూసుకుంటాడు. టాస్‌కి వెళ్ళడం తప్ప చేతిలో ఏ అధికారమూ లేని ఆ మనిషి మాట మిగతా పదిమందీ ఎందుకు వింటారు? అడగాల్సిన ప్రశ్న ఇదీ. మీ వ్యాసం దాని జోలికే పోలేదు.

నేను సికింద్రాబాద్‌లో ఒక ఆఫీసు జట్టుకి లెఫ్ట్ బ్యాక్‌గా ఆడేవాణ్ణి. మా కీపర్‌ది తమిళం, వింగ్ ఆడే ఇద్దరిదీ ఉర్దూ, వెనక మేం తెలుగువాళ్ళం. కెప్టెన్ మా సెంటర్ హాఫ్. మూడు భాషల్లోనూ తిట్టగలడు, మూడింటిలోనూ బుజ్జగించగలడు. ఎవర్ని తిడితే రోషంతో ఆడతారో, ఎవర్ని తిడితే కాళ్ళు వణుకుతాయో ఆయనకు తెలుసు. నన్ను అందరి ముందూ కేకలేసేవాడు. కీపర్‌ని మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు. కీపర్ చేతుల్లోంచి బంతి జారి గోల్ అయిన రోజున, తానే వెళ్ళి వలలోంచి బంతి తీసుకొచ్చి, "నా మనిషిని నేనే వదిలేశాను, తప్పు నాది" అని అందరికీ వినబడేలా అనేవాడు. అది అబద్ధమని మాకు తెలుసు, కీపర్‌కి ఇంకా బాగా తెలుసు. రిఫరీ తప్పుగా విజిల్ ఊదితే మేం మీద పడబోయేవాళ్ళం. మమ్మల్ని వెనక్కి నెట్టి, చేతులు వెనక కట్టుకుని ఆయనొక్కడే వెళ్ళి మాట్లాడేవాడు. రిఫరీ నిర్ణయం మారేది కాదు గానీ మాకు పడాల్సిన కార్డులు చాలా తప్పేవి. ఇక గోల్ అంటారా, ఆయన కొట్టింది ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు.

ఒక ఏడాది లీగ్ సెమీఫైనల్ ముందు మా స్పోర్ట్స్ సెక్రెటరీ గారు మా కెప్టెన్ చేతికున్న పట్టీ విప్పించి మా సెంటర్ ఫార్వర్డ్‌కి కట్టించారు. పట్టీ అంటే పెద్ద వస్తువేమీ కాదు, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోని బ్యాండేజీ గుడ్డ. కారణం అడిగితే, "ఈ సీజన్‌లో ఎక్కువ గోల్స్ ఎవరివయ్యా? రేపు పెద్దసారు కప్పు ఇచ్చేటప్పుడు ఫొటోలో ఎవరుంటే బాగుంటుంది?" అన్నారు. కెప్టెన్‌ని ఎన్నుకోవడమంటే పెళ్ళిపందిట్లో ఫొటోకి ఎవర్ని ముందు నిలబెట్టాలో చూసుకోవడమని ఆయన ఉద్దేశం.

ఆ మ్యాచ్ ఓడిపోయామని రాస్తాననుకుంటున్నారు కదూ? గెలిచాం. ఆ ఫార్వర్డ్ కుర్రాడే రెండు గోల్స్ కొట్టాడు. ఫైనల్ కూడా గెలిచాం. నా కడుపుమంటంతా అక్కడే ఉంది. "కెప్టెన్‌ని మార్చాను, కప్పు వచ్చింది" అని సెక్రెటరీ గారు రిటైరయ్యేదాకా కనపడ్డవాళ్ళకల్లా చెప్పుకున్నారు. కప్పు అద్దాల బీరువాలో ఉంటే కాదనేదెవరు?

మైదానంలో ఏం జరిగిందో మాత్రం మాకు తెలుసు. రెండో సగంలో అవతలి జట్టు కార్నర్ మీద కార్నర్ కొడుతుంటే, ఎవరు ఎవర్ని కాచుకోవాలో గొంతు పోయేలా అరిచి చెప్పింది పట్టీ లేని పాత కెప్టెనే. పట్టీ ఉన్న కుర్రాడు అప్పుడు సెంటర్ లైన్ దగ్గర నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉన్నాడు. అతన్ని తప్పుపట్టడం లేదు. ఫార్వర్డ్ ఉండాల్సింది అక్కడే. కానీ అక్కణ్నుంచి అతనికి సొంత జట్టు ఏం కనపడుతుంది? పాపం, ఆ కుర్రాడు నిజంగా మంచి ఆటగాడు. పట్టీ కట్టినప్పట్నుంచీ ప్రతి బంతీ తనే కొట్టాలనుకోవడం మొదలెట్టాడు, పక్కవాడికి పాస్ ఇవ్వడం తగ్గించాడు. మరుసటి సీజన్‌లో అతని గోల్సే సగమైపోయాయి. కీపర్ ఇంకో ఆఫీసు జట్టుకి వెళ్ళిపోయాడు. పాత కెప్టెన్ ఎవర్నీ ఒక్క మాట అనకుండా ఆడుతూనే ఉన్నాడు. ఇవేవీ సెక్రెటరీ గారి లెక్కలోకి రాలేదు. మీ విలేకరి లెక్కలోకీ రావు.

ఇది గల్లీ ఆట సంగతి కదా అంటారేమో. సరే, బ్రెజిల్‌లోని మారకానా స్టేడియానికే వెళ్దాం. 1950లో ఉరుగ్వేతో ఆఖరి మ్యాచ్‌ను డ్రా చేసుకున్నా బ్రెజిల్‌కి ప్రపంచ కప్ దక్కేది. రెండో సగం మొదలైన కాసేపటికే వాళ్ళు గోల్ కొట్టారు, స్టేడియం ఊగిపోయింది. అప్పుడు ఉరుగ్వే కెప్టెన్ ఒబ్దూలియో వరేలా బంతి చంకన పెట్టుకుని తాపీగా నడుచుకుంటూ వెళ్ళి, ఆఫ్‌సైడ్ అంటూ ఇంగ్లీషు రిఫరీతో వాదనకు దిగాడు, పైగా దుబాసీ కావాలన్నాడు. గోల్ రద్దు కాదని ఆయనకు తెలియదా? ఆయనకు కావాల్సింది ఆ జనం హోరు చల్లారడం. చల్లారింది. తర్వాత స్కియాఫీనో, గిగ్గియా గోల్స్ కొట్టారు, 2-1తో కప్పు ఉరుగ్వేది అయింది. స్కోరు బోర్డు మీద వరేలా పేరు లేదు. మీ పదిమందిలోనూ లేదు.

సైమన్ కియేర్ సంగతీ అంతే. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఫిన్లాండ్‌తో యూరో కప్ మ్యాచ్ ఆడుతూ డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ గుండె ఆగి కుప్పకూలాడు. డెన్మార్క్ కెప్టెన్ కియేర్ ముందుగా అతని దగ్గరికి పరుగెత్తినవాళ్ళలో ఉన్నాడు. కెమెరాలకు కనబడకుండా సహచరులు చుట్టూ గోడలా నిలబడ్డారు. మైదానంలోకి వచ్చిన ఎరిక్సన్ సహచరిని కియేర్ పొదివి పట్టుకున్నాడు. ఆ మ్యాచ్ డెన్మార్క్ 0-1తో ఓడింది. ఆ టోర్నీలో కియేర్ పేరు మీద పడిన గోల్ ఒకటే, అదీ ఇంగ్లండ్‌తో సెమీఫైనల్లో సొంత వలలోకి! మీ పట్టికలో వేస్తే ఆయనకు మైనస్ మార్కులు రావాలి.

మీరు మొదటి స్థానం ఇచ్చిన సునీల్ ఛెత్రి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ ఆయన్నైనా సరిగ్గా ఎందుకు మెచ్చుకోలేదు? 2018 జూన్‌లో ముంబయిలో చైనీస్ తైపీ మీద భారత కెప్టెన్‌గా హ్యాట్రిక్ కొట్టాడని రాశారు. ఆ మ్యాచ్ చూడ్డానికి వచ్చింది 2,569 మంది అని రాయలేదు. హ్యాట్రిక్ కొట్టినవాడు అంతటితో ఊరుకోకుండా, తిట్టడానికైనా సరే స్టేడియానికి రండి అని జనాన్ని వీడియోలో బతిమాలుకున్నాడు. కెన్యాతో తర్వాతి మ్యాచ్‌కి స్టేడియం నిండిపోయింది. ఛెత్రిని కెప్టెన్ అనాల్సింది ఇందుకు. సికింద్రాబాద్‌లో పుట్టాడు కాబట్టి 'మనవాడు' అని రాసుకున్నారు, సంతోషం. మరి సయ్యద్ నయీముద్దీన్ మనవాడు కాడా? ఆ హైదరాబాదీ కెప్టెన్‌గా ఉన్న భారత జట్టే 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్లో మన పురుషులకు ఆ తర్వాత పతకమే లేదు. ఆయన పేరు మీకు గుర్తు రాలేదంటే కారణం ఒకటే, ఆయన డిఫెండర్.

ఎలాగూ రాస్తున్నాను కాబట్టి ఇదీ చెప్పేస్తాను. లండన్‌లో ఎవరో ఆటగాడికి మడమ బెణికితే మీ పేజీలో మూడు కాలమ్‌ల వార్త వస్తుంది. మన లీగ్ ఫైనల్ ఫలితం మాత్రం టైర్ల ప్రకటన కింద రెండు లైన్లు, అందులోనూ గెలిచిన జట్టు పేరు ఓడిన చోట! పోయినసారి దాని గురించి కార్డు రాశాను. సవరణా లేదు, సమాధానమూ లేదు. ఆడే పిల్లలు పేపర్ కొని తమ పేరు కోసం వెతుక్కుంటారండీ. గోల్ కొట్టినవాడి పేరైనా ఎప్పుడో ఒకసారి వేస్తారు, గోల్ ఆపినవాడి పేరు నేను ఇంతవరకూ చూడలేదు. ఆ అలవాటే మీ కెప్టెన్ల వ్యాసం దాకా వచ్చిందని నా అనుమానం.

ఇంకో మాట. 2024 యూరో కప్‌లో రిఫరీ దగ్గరికి వెళ్ళి అడిగే అవకాశం కెప్టెన్ ఒక్కడికే ఇచ్చారు, మిగతావాళ్ళు గుమిగూడితే కార్డు. కెప్టెన్ గోల్ కీపరైతే మైదానంలోని ఇంకో ఆటగాణ్ణి ముందే నియమించుకోవాలి. ఇది మెల్లగా మన లీగుల్లోకీ వస్తుంది. అప్పుడు ప్రతి జట్టుకూ తన కోపం మింగి పదిమంది కోపాన్నీ ఆపి, రిఫరీతో మర్యాదగా మాట్లాడగలిగేవాడు ఒకడు కావాలి. మీ విలేకరి వచ్చే ఆదివారం ఏదో ఒక స్థానిక మ్యాచ్‌కి వచ్చి సెంటర్ హాఫ్ వెనక గట్టు మీద తొంభై నిమిషాలు కూర్చుని, ఆ ఒక్కడు ఎవరో కనిపెట్టి రాయమనండి. గోల్స్ లెక్క నన్ను అడిగితే నేనే చెబుతాను.

ఇట్లు,
ఒక పాత లెఫ్ట్ బ్యాక్,
సికింద్రాబాద్