ఈఈఈలో చేరిన బిడ్డ సీఎస్‌ఈ కోరుతున్నది

అస్సలాము అలైకుమ్ అని మొదలైన ఒక ఉత్తరం నాలుగు పుటలు నిండి వచ్చింది. వ్రాసినవారు కడపలో కుట్టుమిషను మీద కుటుంబాన్ని నడుపుకొస్తున్న ఒక తండ్రి. కుమార్తె ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో అడుగుపెట్టింది. చదువుతున్నది ఈఈఈ, అనగా విద్యుత్ శాఖ. కన్వీనర్ కోటా సీటు, ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా అందుతున్నది. ఇప్పుడు ఆ అమ్మాయి ఇది మానివేసి, మరొక కళాశాలలో మొదటి సంవత్సరం నుండి కంప్యూటర్ సైన్స్ చదువుతానని పట్టుపట్టింది. యాజమాన్య కోటా సీటు కొరకు అమ్మీ తన బంగారం ఇస్తానంటున్నది. ఏడాది వృథా అయితే పెళ్లి సంగతేమిటని దాదీ నిలదీస్తున్నది. తండ్రి ఎటూ తేల్చుకోలేక మనకు వ్రాశారు.

సోదరా, మీ ఉత్తరంలో ఒక్క విషయం నాకు కనబడలేదు. మీ బిడ్డ ఎందుకు మారాలనుకుంటున్నది? ఖర్చు గురించి, బంధువుల మాటల గురించి, పెళ్లి గురించి వివరంగా వ్రాశారు గాని, ఆ అమ్మాయి నోట వచ్చిన మాట ఒక్కటి కూడా అందులో లేదు. ఆమెకు కంప్యూటర్ మీద మక్కువ కలిగిందా, విద్యుత్ శాఖలోని పాఠాలు భయపెడుతున్నాయా, సీఎస్‌ఈలో చేరిన స్నేహితురాళ్లను చూసి తాను వెనుకబడ్డానని కుంగిపోతున్నదా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. సర్క్యూట్ల పరీక్షలో తప్పినందున పారిపోవాలనుకున్న విద్యార్థిని, డేటా స్ట్రక్చర్స్ పరీక్షలో తప్పినప్పుడు ఎక్కడికి పోతుంది?

ముందుగా ఉన్న దారులను చెబుతాను. మన రాష్ట్రాలలోని చాలా ప్రైవేటు కళాశాలల్లో కౌన్సెలింగ్ ముగిసిన పిమ్మట అదే కళాశాలలో శాఖ మారడం దుర్లభం. మొదటి సంవత్సరం మార్కులను బట్టి శాఖ మార్చుకొనే వీలు ఐఐటీలలో ఉండేది. వాటిలో కొన్ని దానిని కూడా ఎత్తివేశాయి. కనుక మీ బిడ్డ కోరుతున్నది నిజానికి శాఖ మార్పు కాదు, చదువును మళ్లీ మొదలుపెట్టడం. రీయింబర్స్‌మెంటు కన్వీనర్ కోటా విద్యార్థులకు ఉద్దేశించినది. యాజమాన్య కోటాలో చేరితే నాలుగేళ్ల భారమంతా మీ మీదనే పడుతుంది. అమ్మీ బంగారం మొదటి ఏడాదికి సరిపోవచ్చు. తక్కిన మూడేళ్ల లెక్క ఎవరైనా వేశారా?

అయితే చదువు మానకుండానే కంప్యూటర్ సైన్స్ నేర్చుకొనే మార్గం ఒకటి ఉన్నది. ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళిక ప్రకారం బీటెక్‌కు 160 క్రెడిట్లు. అదనంగా 18 నుండి 20 క్రెడిట్లు వేరొక శాఖలో పూర్తి చేసిన విద్యార్థికి ఆ శాఖలో 'మైనర్' ఇవ్వవచ్చును. అప్పుడు ఆమె విద్యుత్ ఇంజనీరే, కంప్యూటర్ సైన్స్ మైనర్ కూడా పట్టాలో చేరుతుంది. చాలాచోట్ల ఇది రెండవ సంవత్సరం చివరిలోనో మూడవ సంవత్సరంలోనో మొదలవుతుంది. నిర్ణీత సీజీపీఏ ఉండాలని, బ్యాక్‌లాగులు ఉండరాదని నియమాలు పెడతారు. మారిపోతానన్న ఆలోచనతో ఈ సెమిస్టర్ పాఠాలను నిర్లక్ష్యం చేస్తే ఈ తలుపు కూడా మూసుకుపోతుంది. నాకున్న తొందర అదే.

రెండవది, ఒకేసారి రెండు పట్టాలు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఇందుకు అనుమతి ఇచ్చింది. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రారంభించిన డేటా సైన్స్ కోర్సును ఇతర కళాశాలల్లో చదువుతూనే చాలామంది చదువుతున్నారు. పాఠాలు ఇంట్లో, పరీక్షలు కేంద్రానికి వెళ్లి వ్రాయాలి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ కూడా ఉన్నది. కాని ఒక్కో సబ్జెక్టుకు వారానికి పది గంటలు కావాలి. ఉదయం కళాశాల బస్సు ఎక్కి సాయంత్రం దిగే అమ్మాయి, ఇంటి పని కూడా చేస్తూ, ఆ గంటలు ఎక్కడ నుండి తెస్తుంది? ఇంట్లోవారు ఆ పని తగ్గించగలిగితేనే ఈ మాట ఎత్తండి. మైనర్, ఈ పట్టా రెండూ కలిపి తలకెత్తుకోవడం నాకైతే నచ్చదు.

శాఖ పేరుకు ఉన్న విలువను నేను కాదనను. కొన్ని సంస్థలు సీఎస్‌ఈ వారినే పరీక్షకు పిలుస్తాయి. అది అబద్ధమని చెప్పి మీ బిడ్డను మభ్యపెట్టకండి. అయితే పెద్ద ఐటీ సేవా సంస్థలు ఏళ్ల తరబడి అన్ని ఇంజనీరింగ్ శాఖల వారినీ తీసుకొని శిక్షణ ఇస్తున్నాయి. గేట్ వ్రాసేవారు తమకు అనుమతించిన జోడీలలో రెండు పేపర్లు ఎంచుకోవచ్చు. 2024 నుండి డేటా సైన్స్, కృత్రిమ మేధకు ప్రత్యేక పేపరు వచ్చింది. విద్యుత్ శాఖలో ఆమె చదివే మాత్రికలు, సంభావ్యత, సిగ్నల్స్ ఆ పేపరుకు పనికిరానివి కావు. (ఇంతలో మరొక మాట: సీఎస్‌ఈలో సీటు దొరికిన కొందరు సీఎస్‌ఈ ఏఐ-ఎంఎల్ దొరకలేదని ఏడుస్తున్నారు. తొలి రెండేళ్ల పాఠాలు ఇంచుమించు ఒకటే. అందుకై కళాశాల మారడం తెలివైన పని కాదు.)

మరి మారవలసినవారు ఎవరూ లేరా? ఉన్నారు. ఒక సెమిస్టర్ పాటు ప్రోగ్రామింగ్ నేర్చుకొని, ఎవరూ అడగకపోయినా రాత్రి కూర్చుని లెక్కలు సాధించి, విద్యుత్ పాఠాలలో ప్రయత్నించి కూడా మనసు నిలపలేకపోయిన బిడ్డ మారడమే మేలు. అది మూడవ సంవత్సరంలో కంటె రెండవ సంవత్సరంలోనే జరగాలి. ఎన్‌పీటెల్‌లో పాఠాలు ఉచితం. పరీక్ష వ్రాస్తేనే రుసుము. పైథాన్ పాఠాలు ఇప్పుడే మొదలుపెట్టమనండి. డిసెంబరు నాటికి ఆమె సంగతి ఆమెకే తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది. అప్పుడు కూడా మారతానంటే, వచ్చే ఏడాది ఈఏపీసెట్ వ్రాసి కన్వీనర్ కోటాలోనే ప్రయత్నించనివ్వండి. ఒకసారి రీయింబర్స్‌మెంటు పొందిన విద్యార్థికి కొత్త చదువులో మళ్లీ వర్తిస్తుందా అన్నది సంక్షేమ శాఖ కార్యాలయంలో అడిగి కాగితం మీద తెలుసుకొన్న తరువాతనే పాత సీటు వదలాలి. సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వడానికి మిగిలిన ఏళ్ల ఫీజు కట్టమని కళాశాల అడుగుతుందేమో అదీ ముందే విచారించండి.

ఇక దాదీ మాట. పెళ్లి ఏడాది వెనుకకు జరగడం వల్ల చెడిపోయిన సంబంధం, ఆ ఏడాది లేకపోయినా చెడిపోయేదే. ఈ లెక్కలోకి దానిని తేకండి. బంగారం మాత్రం ఇప్పట్లో తాకకండి.

ఈ ఉత్తరాన్ని మీ బిడ్డకే చదవడానికి ఇవ్వండి. తరువాతి ఉత్తరం ఆమెనే వ్రాయమనండి.