మన రాయితీ బాకీ మనకియ్యాలె!

నల్లగొండ, పాలమూరు చిన్న పరిశ్రమల అన్నలారా, అక్కలారా! మిల్లులల్ల, షెడ్లల్ల చెమటోడ్చే తమ్ముళ్లారా!

మంజూరు కాయితం బీరువాల ఉన్నది. పైసలేవి?

పల్లీల నూనె మిల్లు పెట్టినోళ్లను అడుగుండ్రి. ఊరిడిసి పోవద్దని ఉన్న ఎకరం కుదువబెట్టి మిషన్లు తెచ్చుకున్నరు. 2014ల వచ్చిన రాష్ట్ర పరిశ్రమల పాలసీ టీ-ఐడియా ఏమన్నది? చిన్న పరిశ్రమకు పెట్టుబడిల 15 శాతం, రూ.20 లక్షల దాక ఇస్తమన్నది. కరెంటు యూనిట్‌కు రూపాయి వాపసన్నది. పావలా వడ్డీ అన్నది. నమ్మినం!

ఆ పావలా వడ్డీ సంగతే చూడుండ్రి. బ్యాంకుకు మిత్తి మొత్తం ముందు మనమే కట్టాలె. 3 శాతం మీద పడ్డది, 9 శాతం దాక, సర్కారు తర్వాత తిరిగిస్తది. ఎప్పుడు? ఏండ్లు గడుస్తున్నయ్! శనివారమొస్తే కూలీలకు పైసలియ్యాలె. పల్లీలు తెచ్చిన రైతు చేతుల నగదు పెట్టాలె. కిస్తీ దాటితే బ్యాంకోళ్లు ఇంటి ముంగట ఉంటరు. ఏం చేస్తం? నెలకు నూటికి మూడు రూపాయల మిత్తికి తెస్తం. ఏడాదికి 3 శాతం పడాల్సిన చోట 36 శాతం! పిల్లల ఫీజు ఆగుతది. బిడ్డ పెండ్లి ఆగుతది. ఆఖరికి మిల్లే ఆగుతది. కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం ఆగదు! పనిచేసే పిలగాండ్లు మల్ల బొంబాయి బస్సెక్కాల్నా?

కంపెనీలు మన సరుకు కొంటే 45 రోజులల్ల పైసలు కట్టాలె. లేకుంటే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. 2006 ఎంఎస్ఎంఈ చట్టం చెప్పిన మాట ఇది. మరి సర్కారు పడ్డ రాయితీ బాకీకి గడువు లేదా? మిత్తి లేదా?

వెనకబడ్డ జిల్లాలని మనకు పేరు పెట్టింది కేంద్ర సర్కారే! వెనకబడ్డ ప్రాంతాల గ్రాంటు నిధిల మన రెండు ఉమ్మడి జిల్లాలు ఉండె. 2015ల ఆ పథకమే ఎత్తేసిన్రు. విభజన తర్వాత తెలంగాణల తొమ్మిది జిల్లాలకు ఏటా రూ.450 కోట్లన్నరు. అది గూడ ఏటా సక్కగ రాలే. కొత్త మిషన్ల మీద ఇన్‌కంటాక్స్ అదనపు మినహాయింపు 2020 మార్చి 31తోని అయిపోయింది. మన వెనకబాటు అయిపోయిందా? 2024 సెప్టెంబర్ల రాష్ట్రం కొత్త ఎంఎస్ఎంఈ పాలసీ తెచ్చింది. మంచిదే. పాత బాకీ తీర్చకుంటే కొత్త మాట నమ్మి ఎవరు షెడ్డు వేస్తరు?

చిన్న యూనిట్ల బాకీ ముందు కట్టాలె! ఎవరికి ఎప్పుడిస్తరో జాబితా రాసి జిల్లా పరిశ్రమల కేంద్రం గోడకు అంటించాలె. ఆలస్యమైనందుకు మిత్తి కట్టియ్యాలె. కేంద్ర సర్కారు వెనకబడ్డ జిల్లాల నిధి మల్ల ఇయ్యాలె, అందుల చిన్న పరిశ్రమల వాటా రాసియ్యాలె.

సోమవారం ప్రజావాణి ఉన్నది. నల్లగొండ, సూర్యాపేట, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట... ఎవరి కలెక్టరేట్‌కు వాళ్లు కదులుండ్రి! మంజూరు కాయితం, బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బిల్లులు రెండేసి జిరాక్సులు తెచ్చుకోండ్రి. పనోళ్లను ఎంట తీస్కరాండ్రి. అర్జీకి రసీదు చేతికి రాందే ఒక్కరు గూడ కదలొద్దు!